పాత సైనిక రైఫిళ్ల లోపల దొరికే వస్తువులు: ఇషాపూర్ త్రీ నాట్ త్రీలో తెలుగు పత్రిక ముక్క

వశిష్ఠగట్టు, నరసాపురం

సభ్యులందరికీ నమస్కారం. మా మేనల్లుడు టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి చట్టం అనుమతించిన పద్ధతిలోనే ఒక పాత ఆయుధాల వ్యాపారి దగ్గర త్రీ నాట్ త్రీ రైఫిల్ ఒకటి కొన్నాడు. అది మన దేశంలోనే, కలకత్తా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనది. వెనుక చెక్క (బట్టు) దూరే ఇనుప సాకెట్ కుడి పక్కన కిరీటం గుర్తు, జీఆర్ఐ అనే అక్షరాలు, 1943 అనే సంవత్సరం, మార్క్ త్రీ అనే రకం పేరు పక్కన ఒక నక్షత్రం గుర్తు కనిపిస్తున్నాయి. మన దగ్గర వాడకం తీరిన ఇటువంటి రైఫిళ్లు సర్‌ప్లస్ సరుకుగా అమెరికా వ్యాపారుల చేతికి వెళ్లిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

వాడు బట్టు అడుగున ఉన్న చిన్న ఇత్తడి తలుపు తెరిస్తే లోపల ఒక ఇత్తడి గొట్టం, ఒక తాడు దొరికాయట. అసలు విషయం అది కాదు. బట్టు చెక్క ఇనుప సాకెట్‌లోకి దూరే చోట, సందులోంచి కాగితం అంచు ఒకటి బయటికి కనిపిస్తోంది. దాని మీద అచ్చులో మూడు నాలుగు తెలుగు అక్షరాలు ఉన్నాయి. ఫొటో చూశాక నాకూ నిద్ర పట్టలేదు. ఎవరైనా సిపాయి దాచిపెట్టుకున్న ఉత్తరమా, లేక మరేదైనానా? పట్టకారుతో లాగమంటారా, వద్దంటారా? ఆయుధాల పనిలో ఉన్నవారు చెబితే వాడికి తెలియజేస్తాను.

పాత ఆర్మరర్, కాకినాడ

అయ్యా, లాగవద్దని ముందు మీ మేనల్లుడికి ఫోన్ చేసి చెప్పండి. మిగతాది తరువాత చదవండి.

నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చూసేవాడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాల గదిలో) ఉన్న త్రీ నాట్ త్రీలలో నా చేతి మీదుగా వెళ్లనిది దాదాపు లేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను. పాత రైఫిల్ చేతికొచ్చినప్పుడు లోపల ఏముందన్న కుతూహలం కంటె ముందు బోల్టు వెనక్కి లాగి, మ్యాగజైన్ తీసి, చాంబరులో (తూటా కూర్చునే చోట) తూటా లేదని కంటితోనూ, చిటికెన వేలితోనూ నిర్ధారించుకోవాలి. తరువాత తుపాకీ గొట్టంలోకి వెలుతురు వేసి ఇవతలి నుంచి అవతలికి చూడాలి. ఈ రెండూ కానిదే స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు.

ఇక మీరు చెప్పిన ఇత్తడి గొట్టం ఆయిల్ బాటిల్. మూత తిప్పి తీస్తే దానికే అంటుకుని సన్నని చెంచా ఉంటుంది, మూత కింద చిన్న తోలు వాషరు ఉంటుంది. తాడు గొట్టం తుడిచే పుల్‌త్రూ, దాని ఒక చివర ఇత్తడి బరువు ఉంటుంది. ఈ రెండూ ఆ రైఫిల్‌కు ప్రభుత్వం ఇచ్చిన సామానే కాబట్టి వాటిలో వింత లేదు. వాటి వెనుక ఇంకా లోపలికి టార్చి వేసి చూస్తే ఒక తోలు బిళ్ల కనిపిస్తుంది. దాని అవతల బట్టును సాకెట్‌కు బిగించే పొడుగాటి బోల్టు తల ఉంటుంది.

కాగితం ఉత్తరం కాదని నా అభిప్రాయం. అది ప్యాకింగ్. చెక్క ఎండాకాలం ముడుచుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది. కొన్నేళ్లు ఇలా జరిగాక బట్టు సాకెట్‌లో కదలడం మొదలుపెడుతుంది. బట్టు కదిలే రైఫిల్‌తో గురి కుదరదు. కొత్త బట్టు ఇండెంట్ పెడితే ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, పల్చని గుడ్డ పీలికో, కాగితం మడతో సందులో వేసి బోల్టు బిగించేవాళ్లం. చేతికి ఏ కాగితం అందితే అదే.

దాన్ని తీయాలంటే బట్టు విప్పాలి. ఇక్కడే చాలామంది చెక్క పగలగొట్టుకుంటారు. ఈ మార్క్ త్రీ రకంలో బట్టు బోల్టు కొస నలుచదరంగా ఉండి, సాకెట్ దాటి ముందుకు వచ్చి, ఫోర్‌ఎండ్ (గొట్టం కింద ఉండే ముందు చెక్క) వెనుక అంచులో ఉన్న చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. బోల్టు తనంతట తాను వదులు కాకుండా చేసిన ఏర్పాటు అది. ఫోర్‌ఎండ్ ఊడదీయకుండా వెనక నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఆ నలుచదరపు కొస తిరుగుతూ ఫోర్‌ఎండ్ చెక్కను నిలువునా చీల్చేస్తుంది. అందువల్ల ముందు ఫోర్‌ఎండ్, తరువాతే బట్టు. ఎవరెంత తొందరపెట్టినా ఈ వరస తప్పకూడదు.

మాధవరం మనవడు, తాడేపల్లిగూడెం

పాత ఆర్మరర్ గారు చెప్పిన ఆయిల్ బాటిల్ మా ఇంట్లో ఒకటి ఉంది. మా తాతగారు రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వైపు పనిచేసి వచ్చారు. సైన్యంలో చేరినవారు ఎక్కువ కాబట్టి మా ఊరిని జనం మిలటరీ మాధవరం అంటారు. రైఫిల్ సర్కారుకు అప్పగించినా ఆ బాటిల్ మాత్రం ఎలాగో ఆయన పెట్టెలో మిగిలిపోయింది. మా నాయనమ్మ దాన్ని అత్తరు సీసా అనుకుని చాలాకాలం పూజ గదిలో పెట్టుకున్నారట.

తాతగారు చెప్పిన ఒక సంగతి ఈ చర్చకు పనికి వస్తుందని రాస్తున్నాను. కాల్పులు అయ్యాక గొట్టంలోకి గరాటుతో మరిగే నీళ్లు పోసేవారట. ఆ తరువాత పుల్‌త్రూ బరువును వెనుక నుంచి వదిలి, ముందు నుంచి బయటికి తీసి, రెండో చివరి ఉచ్చులో చిందీ (తుడిచే పీలిక) గుడ్డ పెట్టి ఒక్క ఊపున లాగేవారు. చిందీ కొలత నాలుగంగుళాలు పొడవు, రెండంగుళాలు వెడల్పు. ఇనుముకు నీళ్లు పోయడమేమిటని నేను అడిగితే, నూనె తుడిచినా పోని ఉప్పు నీళ్లకు పోతుందని ఆయన అన్నారు. ఆ ఉప్పు ఏమిటో ఎవరైనా వివరిస్తారా?

పాత ఆర్మరర్, కాకినాడ

తాతగారు సరిగ్గా చెప్పారు. అప్పటి తూటాల క్యాపులో, అంటే మందును అంటించే అడుగు భాగంలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక గొట్టంలో పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది, అది కూడా ఒక ఉప్పే. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కడగకుండా వదిలేస్తే గాలిలోని తేమను లాక్కుని లోపల తుప్పు మొదలవుతుంది. సముద్రపు గాలి కొట్టే మన అంతర్వేది, ఉప్పాడ వంటి చోట్ల ఒక్క రాత్రి చాలు. పాత రైఫిల్ గొట్టంలో గుంటలు పడి కనిపిస్తే తయారీ లోపమని అనుకోకండి. ఎవరో ఒకనాడు నీళ్లు పోయడానికి బద్ధకించి ఉంటారు.

చరిత్ర టీచరమ్మ, రాజమహేంద్రవరం

ఈ చర్చ చూసి చాలా సంతోషించాను. ఆయుధాల మరమ్మతు నాకు తెలియదు గాని, దొరికిన వస్తువును సాక్ష్యంగా ఎలా చదవాలన్నది మా వృత్తి కాబట్టి రెండు మాటలు చెబుతాను.

మొదటిది, బట్టులో దొరికిన వస్తువు బట్టుకు చెందుతుంది గాని రైఫిల్‌కు చెందుతుందని చెప్పలేము. ఈ రకం రైఫిళ్లలో నంబరు రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప చట్రం) మీద, గొట్టం మీద, బోల్టు మీద, నోజ్ క్యాప్ (ముందు కొస ఇనుప తొడుగు) మీద, వెనుక సైట్ మీద, ఫోర్‌ఎండ్ మీద కొట్టేవారు. అవన్నీ ఒకటే అయితే ఆ భాగాలు కలిసి ప్రయాణించాయని నమ్మవచ్చు. బట్టుకు అటువంటి నంబరు మామూలుగా ఉండదు. సిపాయి ఎత్తును బట్టి పొట్టిది, మామూలుది, పొడుగుది మార్చుకునే వీలు ఉంచారు కాబట్టి వర్క్‌షాపులో బట్టులు ఒకదాని నుంచి ఇంకొకదానికి సులువుగా వెళ్లిపోతాయి. 1943 అనే అంకె రిసీవర్ పుట్టిన సంవత్సరం మాత్రమే. కాగితం కథ దానితో ముడిపడిందో లేదో విడిగా తేల్చుకోవాలి.

రెండవది, తీసేముందు ఫొటో తీయమనండి. కాగితం ఏ వైపు ఉంది, ఎన్ని మడతలు, అక్షరాలు చెక్క వైపు ఉన్నాయా ఇనుము వైపు ఉన్నాయా అన్నవి తీశాక తెలియవు. బట్టు కుడి పక్కన గుండ్రని ఇత్తడి బిళ్ల గాని, అది ఊడిన గుంట గాని ఉందేమో కూడా చూడమనండి. ఏ దళానికి ఇచ్చారో ఆ బిళ్ల మీద చెక్కేవారు. సర్కారు అమ్మేముందు చాలావాటికి ఆ బిళ్లలు తీసేశారు.

ఇటువంటి పనిలో తొందరపడితే ఏమవుతుందో నేపాల్ సరుకు విషయంలో ఊహించుకోవచ్చు. 2003లో కాఠ్మండూలోని లగన్ సిలేఖానా అనే పాత రాజభవనంలో పేరుకుపోయిన వేలాది తుపాకులను అమెరికా వ్యాపారులు కొన్నారు. మార్టిని హెన్రీలు, నేపాల్‌లోనే చేసిన గహేంద్ర రైఫిళ్లు, అంతకంటె పాత బ్రౌన్‌బెస్ అనే చెకుముకి తుపాకులు అందులో ఉన్నాయి. గడ్డకట్టిన కొవ్వూ, మట్టీ కింద దేవనాగరి అంకెలు కనిపించాయి. శుభ్రం చేయాలన్న ఉత్సాహంతో గట్టిగా రుద్దితే ఆ అంకెలతో పాటు చరిత్ర కూడా పోతుంది.

రైన్ ఒడ్డు భీమవరం

నేను ఉద్యోగరీత్యా స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాను. ఉత్తరం కాదని ఆర్మరర్ గారు అన్నారు గాని, నిజంగానే ఉత్తరం లాంటిది దొరికే రైఫిల్ ఒకటి ఉంది, అది ఇక్కడిదే. 1931లో స్విస్ సైన్యం స్వీకరించిన కే 31 అనే రైఫిల్ ఉత్పత్తి 1958 వరకు సాగింది. ఇక్కడి సైనికులు రైఫిల్‌ను ఇంట్లోనే ఉంచుకునేవారు కాబట్టి, తమ పేరు, దళం, ఒక్కోసారి పుట్టిన సంవత్సరం, ఊరు రాసిన చిన్న చీటీని బట్ ప్లేటు (బట్టు చివరి ఇనుప పలక) కింద పెట్టేవారు. రెండు స్క్రూలు తీస్తే ఆ చీటీ కనిపిస్తుంది. అమెరికాలో వీటిని కొన్నవారు చీటీలోని పేరు పట్టుకుని ఆ పాత సైనికుడికి గాని, వారి కుటుంబానికి గాని ఉత్తరాలు రాసిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

నా సహోద్యోగి ఒకాయన తన తండ్రి రైఫిల్ నుంచి తీసిన చీటీ నాకు చూపించారు. అట్టలా మందమైన కాగితం, టైపు అక్షరాలు, అంచుల్లో స్క్రూ తుప్పు దిగిన గోధుమరంగు వలయం. నూనె ఇంకడం వల్ల వెలుతురులో పెడితే అవతలి వేళ్లు కనిపిస్తున్నాయి. కొందరు ఆ చీటీల ఫొటోలను పేరు, చిరునామాలతో సహా అందరికీ కనిపించేలా పెట్టడం నాకు నచ్చదు. ఆ పేరు గల మనిషి గాని, పిల్లలు గాని అదే ఊళ్లో ఉండవచ్చు. ముందు వారిని అడిగితే మర్యాదగా ఉంటుంది.

గోదారిగాలి, ముమ్మిడివరం

మా ఊరి పక్కన ఒక పాత లోగిలిలో తుపాకీ ఒకటి ఉంది. అది రంప పితూరీలో అల్లూరి సీతారామరాజుగారి దళం పోలీసు స్టేషన్ నుంచి తీసుకున్నదని, తరువాత చేతులు మారి కోనసీమకు చేరిందని ఆ ఇంటివారు చెబుతారు. మ్యాగజైన్ ఊడదీస్తే లోపల తూటాలు పట్టే చోటంతా ఒక చెక్కముక్క బిగించి ఉందట. అందులో ఏదైనా దాచారేమోనని వారి అనుమానం. ఆ చెక్క పగలగొట్టమంటారా?

పాత ఆర్మరర్, కాకినాడ

పగలగొట్టవద్దు. అందులో ఏమీ ఉండదు. అది పోలీసు మస్కెట్. త్రీ నాట్ త్రీ గొట్టం స్థానంలో .410 కొలత గల నునుపు గొట్టం వేసి, ఒక్కసారికి ఒక్క తూటానే పట్టేలా మ్యాగజైన్ చోటును చెక్కతో పూడ్చారు. రైఫిల్ తూటా చాలా దూరం వెళ్లి ఎవరికో తగులుతుంది. గుంపును చెదరగొట్టే పనికి, కాపలా పనికి అంత శక్తి అక్కరలేదని పోలీసుల కోసం చేసిన మార్పు అది. ఆ చెక్క అసలు ఏర్పాటులో భాగం.

చరిత్ర టీచరమ్మ, రాజమహేంద్రవరం

రంప దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసింది 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో. ఆ ఇంటివారి తుపాకీ సాకెట్ మీద అంతకంటె తరువాతి సంవత్సరం ఉంటే ఆ కథ అక్కడితో ముగుస్తుంది. ఉదయం ఫోన్ చేసి అడగండి, ఒక్క నిమిషం పని. సంవత్సరం ముందుదే అయినా కథ రుజువైనట్లు కాదు, కొట్టివేయలేదని మాత్రమే అర్థం. గోదావరి జిల్లాల్లో ప్రతి పాత తుపాకీ వెనుకా ఒక పితూరీ గాని, చెందుర్తి యుద్ధం గాని వచ్చి చేరుతుంది. 1758 డిసెంబరు 7న ఆంగ్లేయులూ ఫ్రెంచివారూ పిఠాపురం దగ్గర పోరాడిన ఆ యుద్ధంలో వాడినవి ముందు నుంచి మందు దట్టించే చెకుముకి తుపాకులు. బోల్టు ఉన్న తుపాకీని తెచ్చి చెందుర్తిదని చెప్పినవారు కూడా నాకు ఎదురయ్యారు.

అమలాపురం వకీలు

ముమ్మిడివరం మిత్రులు ఫోన్ చేసేముందు ఇది చదవాలి. ఆ తుపాకీకి లైసెన్సు ఉందా అన్నది సంవత్సరం కంటె ముఖ్యమైన ప్రశ్న. 1959 నాటి ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, లైసెన్సుదారు చనిపోవడం వల్లనో, గడువు తీరడం వల్లనో ఆయుధం ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసరమైన జాప్యం లేకుండా పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేయాలి. వారసులు ఆ తరువాత కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాతబడి, మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకీగా పనికిరాని ఆయుధాలకు 45వ సెక్షన్‌లో కొంత మినహాయింపు ఉంది. అయితే పనికివస్తుందా రాదా అన్నది ఇంటివారు తమంతట తాము నిర్ణయించుకునే విషయం కాదు.

త్రీ నాట్ త్రీ మన దేశంలో నిషిద్ధ బోర్ (గొట్టం కొలత) కాబట్టి సాధారణ పౌరుడికి లైసెన్సు మీద దొరకదు. అందుకే ఇషాపూర్ వారు అదే బోల్టు ఏర్పాటుతో .315 రైఫిల్ చేసి పౌరులకు అమ్మారు. మన రైతుల ఇళ్లలో కనిపించే బోల్టు రైఫిళ్లు చాలావరకు ఇవే. 2019 సవరణ తరువాత ఒక మనిషి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. టెక్సస్ అబ్బాయి చేసిన పనిని చూసి ఇక్కడ ఎవరూ అటక మీద తుపాకీని విప్పడానికి కూర్చోవద్దని నా మనవి.

పాత ఆర్మరర్, కాకినాడ

వకీలుగారి మాటకు తోడు ఒక హెచ్చరిక. మన తేమలో వదిలేసిన గొట్టంలోకి కుమ్మరి పురుగు చేరి మట్టితో గూడు కడుతుంది. బయట నుంచి చూస్తే గొట్టం బాగానే ఉన్నట్లుంటుంది. అడ్డం ఉన్నదని తెలియక కాలిస్తే గొట్టం ఉబ్బడమో, పగలడమో ఖాయం. నా సర్వీసులో వరద తరువాత ఒక స్టేషన్ నుంచి వచ్చిన ఆయుధాల్లో ఇలా గూడు గట్టిన గొట్టం చూశాను. పుల్‌త్రూ బరువు సగం దూరం వెళ్లి ఆగిపోయింది. రెండో వైపు నుంచి కడ్డీ పెడితే ఎర్రమట్టి పొడి, ఎండిన సాలెపురుగుల కాళ్లు రాలాయి.

బట్టులో ఏమేమి దొరుకుతాయో కూడా చెబుతున్నాను. తాయెత్తులు దొరికాయి, రాగిరేకు చుట్టలు దొరికాయి, సగం కాల్చిన బీడీలు దొరికాయి. ఎక్కువగా దొరికేవి మాత్రం కాల్చిన ఖాళీ తూటాలు. దానికి కారణం ఉంది. ఫైరింగ్ రేంజిలో ఎన్ని తూటాలు ఇస్తే అన్ని ఖాళీలు తిరిగి లెక్క చెప్పాలి. గడ్డిలో ఒక్కటి పోయినా సాయంత్రం దాకా వంగి వెతకాలి, పైగా వివరణ రాయాలి. అందువల్ల ముందుచూపు గల కానిస్టేబులు ఎక్కడో దొరికిన ఖాళీ ఒకటి బట్టులో దాచి ఉంచుకునేవాడు. లెక్క తగ్గినప్పుడు అది బయటికి వచ్చేది. అధికారులకు ఈ సంగతి తెలియదని నేను అనుకోను.

ఒక్కోసారి కాల్చని తూటా కూడా దొరుకుతుంది. దాన్ని కదపకుండా పోలీసులకు చెప్పాలి. దాని లోపల ఏముంటుందో ఊహించుకుని కోయడానికి ప్రయత్నించేవారి కోసం నేనే చెప్పేస్తాను. మందు పొడిగా ఉండదు. కార్డైట్ అనే పేరుతో సేమియా కట్టలా సన్నని పుల్లలుగా ఉంటుంది. గుండు 174 గ్రెయిన్ల బరువు. దాని వెనుక భాగంలో సీసం, కొసలో మాత్రం అల్యూమినియం గాని, నొక్కిన చెక్క గుజ్జు గాని పెట్టారు. ముందు తేలికగా, వెనుక బరువుగా ఉండాలని చేసినది. చూడవలసింది అంతే, ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

టెక్సస్ మేనల్లుడు

మావయ్యగారు ఈ లింకు పంపారు. అందరికీ నమస్కారాలు. ఆర్మరర్ గారు చెప్పిన వరసలోనే విప్పాను. ముందుగా ఖాళీ అని చూసుకున్నాను, తరువాత నోజ్ క్యాప్, బ్యాండు, ట్రిగ్గర్ గార్డు తీసి ఫోర్‌ఎండ్ కిందికి దించాను. నోజ్ క్యాప్ దగ్గర చెక్కలోంచి ఒక చిన్న స్ప్రింగు, దాని మీద టోపీ లాంటి ఇనుప ముక్క ఎగిరి సోఫా కిందికి పోయాయి. అది కూడా ఎవరో దాచినదేనా? మ్యాగజైన్‌కు కాస్త ముందు ఫోర్‌ఎండ్ చెక్కకు అడ్డంగా ఒక స్క్రూ కూడా ఉంది. నా మిత్రుడి దగ్గర ఉన్న ఇంగ్లండ్ రైఫిల్‌లో అది లేదు.

కాగితం బయటికి వచ్చింది. దినపత్రిక నుంచి చింపిన పీలిక, పొడవుగా రెండు మడతలు. అక్షరాలు చెక్క వైపు ఉన్నాయి. ఇనుము తగిలిన వైపు నల్లగా మారి చదవడానికి ఏమీ లేదు. లోపలి మడతలో మాత్రం ఒక ప్రకటన ముక్క స్పష్టంగా ఉంది. ఏదో మందు సీసా బొమ్మలో సగం, దాని కింద ‘ధర 75 న.పై.’ అని, ఆ పక్క వరసలో ‘పంచాయతీ సమితి అధ్యక్షులు’ అనే మాటలు. పత్రిక పేరూ తేదీ లేవు. బట్టు మీద ఇత్తడి బిళ్ల లేదు, దాని గుంటను మైనంలాంటి దానితో పూడ్చారు. నోజ్ క్యాప్, బోల్టు, గొట్టం నంబర్లు ఒకటే, ఫోర్‌ఎండ్ నంబరు వేరు.

పాత ఆర్మరర్, కాకినాడ

స్ప్రింగు వెతికి జాగ్రత్త చేయి నాయనా, అది ఎవరూ దాచలేదు. గొట్టాన్ని కింద నుంచి పైకి నొక్కి పట్టే స్టడ్, స్ప్రింగు అవి. అవి లేకుండా బిగిస్తే గురి మారిపోతుంది. అడ్డం స్క్రూ మన ఇషాపూర్ పద్ధతి, చెక్క చీలకుండా వేసిన బిగింపు. ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీ వారు ఇదే సమస్యకు ఫోర్‌ఎండ్ లోపల రాగి ముక్కలు వేశారు. వాటిని చూసి కొందరు ఏదో నిధి దొరికినట్లు ఫొటోలు పెడుతుంటారు.

చరిత్ర టీచరమ్మ, రాజమహేంద్రవరం

‘న.పై.’ చాలా విలువైన ఆధారం. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. పాత పైసాతో గందరగోళం రాకుండా కొత్తదానిని నయా పైసా అన్నారు. 1964 జూన్ 1 నుంచి నయా అన్న మాట తీసేశారు. కాబట్టి ఆ పత్రిక దాదాపు ఆ ఏడేళ్ల మధ్య అచ్చయి ఉండాలి. పంచాయతీ సమితి అన్నది మన రాష్ట్రంలో 1959లో పంచాయతీరాజ్ వచ్చిన తరువాత వాడుకలోకి వచ్చిన మాట గనుక, ఇంకాస్త దగ్గరికి తీసుకురావచ్చు. అంటే బర్మా యుద్ధంలో ఎవరో సిపాయి దాచుకున్న కాగితమన్న ఊహకు అవకాశం లేదు. ఆ బట్టును 1959 తరువాత ఎవరో విప్పి బిగించారు.

గోదారిగాలి, ముమ్మిడివరం

అమ్మా, పాత పేపర్లు పొట్లాల కోసం ఏళ్ల తరబడి దాస్తారు కదా. 1962 నాటి పేపరును 1975లో కూడా చింపి ఉండవచ్చు. పైగా తెలుగు పేపరు దొరికినంత మాత్రాన ఆ రైఫిల్ మన రాష్ట్రంలో ఉండేదని ఎలా చెబుతాము?

చరిత్ర టీచరమ్మ, రాజమహేంద్రవరం

రెండూ సరైన అభ్యంతరాలే. కాగితం మనకు చెప్పేది ముందు హద్దు మాత్రమే, ‘దీనికి ముందు కాదు’ అని. ఎంత తరువాతో అది చెప్పదు. స్థలం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తెలుగు పత్రిక చదివే ఆర్మరర్ హైదరాబాదులో ఉండవచ్చు, ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని వాడూ కావచ్చు. సైన్యంలో పనిచేసే తెలుగువాడికి ఇంటి నుంచి వచ్చిన ఊరగాయ జాడీ చుట్టూ కట్టిన కాగితం కూడా కావచ్చు. ఫోర్‌ఎండ్ నంబరు వేరు అని అబ్బాయి చెప్పాడు కాబట్టి, ఈ రైఫిల్ కనీసం ఒకసారి వర్క్‌షాపులో చెక్క మార్చుకుంది. బట్టు అప్పుడే మారిందా, అసలుదేనా అన్నది నంబర్లు చెప్పలేవు. నేనైతే రికార్డులో ఇలా రాస్తాను: రిసీవర్ 1943, ఇషాపూర్, ఫోర్‌ఎండ్ మార్చినది, బట్టులో 1959 తరువాతి తెలుగు పత్రిక ప్యాకింగ్, దళం గుర్తు తీసివేసినది. అంతకంటె ఒక్క మాట ఎక్కువ రాసినా అది మన కోరిక అవుతుంది.

పరేడ్ మైదానం, తణుకు

మా కళాశాలలో ఎన్‌సీసీ బాధ్యత చూసినవాడిని. మా దగ్గర డ్రిల్ కోసం ఇచ్చిన డీపీ (డ్రిల్ పర్పస్) రైఫిళ్లు ఉండేవి. ఫైరింగ్ పిన్ను తీసి, చాంబరుకు రంధ్రం వేసి, కాల్చడానికి వీలు లేకుండా చేసినవి. కేడెట్లు వాటి బట్టుల్లో చాక్లెట్ కాగితాలు, పరీక్షల చీటీలు పెట్టేవారు, అది వేరే చరిత్ర. డీపీ రైఫిల్ కదా అని ఎవరూ నూనె రాయరు, చెక్కలు ఎండి పగులుతాయి. అవిసె నూనె రాయవచ్చా?

పాత ఆర్మరర్, కాకినాడ

రాయవచ్చు. కాచనిది, పచ్చి అవిసె నూనె. చాలా కొద్దిగా తీసుకుని అరచేతి వేడితో రుద్దాలి, మిగిలినది గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. ఎక్కువ పోస్తే జిగురుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వదలకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి విడివిడిగా ఆరేయాలి. లోహానికి మాత్రం ఈ నూనె వద్దు, దానికి మామూలు తుపాకీ నూనె వాడాలి.

టెక్సస్ మేనల్లుడు

స్ప్రింగు దొరికింది. టీచరుగారు చెప్పిన నాలుగు వాక్యాలు రాసి రైఫిల్ కాగితాలతో పెట్టాను. చివరిగా ఒక సందేహం. ఆ పీలికను తిరిగి అదే చోట పెట్టి బిగించాలా, విడిగా ఉంచాలా? అది తీస్తే బట్టు కదులుతోంది.

పాత ఆర్మరర్, కాకినాడ

తిరిగి పెట్టవద్దు, ఇంకోసారి బిగిస్తే పొడిపొడి అవుతుంది. సాకెట్ లోపల ఎంత మందం కావాలో చూసుకుని కొత్త గుడ్డ పీలిక వెయ్యి. ముందు బట్టు బోల్టే బిగించాలి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బోల్టు గాడిలో పూర్తిగా కూర్చోవాలి, లేకపోతే గాడి చెడుతుంది, లోపల గోడలు గీసుకుపోతాయి. గట్టిపడ్డాక, బోల్టు నలుచదరపు కొస ఫోర్‌ఎండ్ పలకలోకి దిగే కోణంలో ఆగిందో లేదో చూడు. ఆగకపోతే కొంచెం ముందుకే తిప్పాలి, వెనక్కి వదలకూడదు. ఆ తరువాత ఫోర్‌ఎండ్ ఎక్కించి, తోలు బిళ్లను బోల్టు తల మీదికి నెట్టి, పుల్‌త్రూ, ఆయిల్ బాటిల్ లోపల పెట్టి తలుపు మూసెయ్యి.

చరిత్ర టీచరమ్మ, రాజమహేంద్రవరం

పీలికను ప్లాస్టిక్ సంచిలో పెట్టవద్దు. ఆమ్లం లేని కాగితపు కవరులో, మడతలు బలవంతంగా విప్పకుండా, నూనె తగిలిన వైపు వేరే కాగితం ఆనించి ఉంచు. కవరు మీద రైఫిల్ నంబరు, తీసిన తేదీ పెన్సిల్‌తోనే రాయి.